"డాడీ, బూట్లు వేసుకోకు": ఇల్లంతటి మీద పెత్తనం చేసిన పాప, ఒక కేస్ స్టడీ

హనుమకొండలో పిల్లల కౌన్సెలింగ్ చేస్తుంటాను. "మా పాప మమ్మల్నే ఆర్డర్లేస్తోంది, ఏం చేయాలి" అని అడిగేవాళ్లు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. చాలామందికి ఒకసారి కూర్చోబెట్టి, ఈ వయసులో ఇది మామూలే అని చెప్పి పంపిస్తే సరిపోతుంది. ఈ కేసులో అలా చెప్పి పంపితే పాపకు అన్యాయం జరిగేది, అందుకే వివరంగా రాస్తున్నాను. ఇంట్లోవాళ్లు రాయడానికి ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. పాపను బుజ్జి అంటాను.

నేపథ్యం

బుజ్జికి రెండేళ్ల పది నెలలు. ఒక్కతే సంతానం. తండ్రిది బొగ్గు గనిలో ఉద్యోగం, వారం వారం మారే షిఫ్టులు: ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. తల్లి ప్రైవేట్ స్కూల్లో టీచర్. పగలంతా బుజ్జిని చూసుకునేది బాపమ్మ. తాత రిటైరై ఇంట్లోనే ఉంటాడు. ఉండేది రెండు గదుల ఇల్లు. రాత్రి డ్యూటీ చేసొచ్చినాయన పగలు పడుకుంటే మిగతావాళ్లంతా గుసగుసగా మాట్లాడుకోవాల్సిందే. ఈ రెండు గదుల సంగతి మొదటి రోజు మామూలు వివరంగా రాసుకున్నాను, కేసు మొత్తానికి అదే కీలకమని తర్వాత తెలిసింది.

ఏమని వచ్చారు

బంధువుల పెండ్లిలో, ఫంక్షన్ హాల్లో అందరూ బంతి భోజనాలకు కూర్చున్న చోట, బుజ్జి వాళ్ల పెద్దతాత ముందుకెళ్లి నడుము మీద చెయ్యి పెట్టుకుని "తాగొచ్చినవా? నిజం చెప్పు. నా మొకం చూసి చెప్పు" అంది. ఆయన ఊళ్లో పెద్దమనిషి. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు పగలబడి నవ్వారు, కొందరు తల దించుకున్నారు, తండ్రి వచ్చి పాప చెంప మీద ఒక్కటి వేశాడు. అంతకుముందెన్నడూ చెయ్యెత్తని మనిషి. ఆ రాత్రి తండ్రి నిద్రపోలేదని, తర్వాతి వారమే నా దగ్గరికి తీసుకొచ్చారని తల్లి చెప్పింది.

బాపమ్మకు భయం వేరే. "ఆడపిల్ల సారూ, ఇప్పుడే ఇట్ల నోరు పెడితే రేపు అత్తగారింట్ల ఎట్ల బతుకుతది?" ఈ మాట నేను తరచుగా వింటాను. మగపిల్లాడు ఇదే మాటంటే "పులిబిడ్డ" అని మీసం దువ్వేవాళ్లు. అది ఆమెకు వెంటనే చెప్పలేదు. పగలంతా పాపను కనిపెట్టుకుని ఉండే మనిషి మొదటి రోజే నాకు ఎదురు తిరిగితే ఇంట్లో ఒక్కటీ మారదు.

తల్లికి ఇంకో టెన్షన్: ఇది ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, అతి చురుకుగా ఉండే సమస్య) ఏమో అని. సాధారణంగా నాలుగేళ్లలోపు పిల్లలకు మేం ఆ పేరు పెట్టం. చూడాల్సినవి చూశాను. పిలిస్తే తిరిగి చూస్తుంది, తనకు నచ్చింది వేలితో చూపించి మన మొహం కూడా చూస్తుంది, బొమ్మకు అన్నం పెట్టి మూతి తుడుస్తుంది. రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పగలిగితే చాలనుకుంటాం, ఈమె నాలుగైదు మాటల వాక్యాలు గడగడా చెప్తోంది. వినికిడిలో లోపం లేదు. పాపకు జబ్బేమీ లేదని ఆ రోజే ఖాయంగా చెప్పాను. అయితే "మామూలే, పెద్దయ్యాక పోతుంది" అని మాత్రం అనలేదు, రెండు కారణాల వల్ల. ఒకటి, ఇంట్లో చెయ్యి లేవడం మొదలైంది. రెండు, పాప కొన్నాళ్లుగా నిద్రలో ఉలిక్కిపడి లేచి తండ్రి మంచం తడుముతోందని తల్లి మాటల మధ్యలో చెప్పింది.

నోట్‌బుక్‌లో బయటపడింది

తల్లికి ఒక పని అప్పజెప్పాను. ఒక వారం పాటు బుజ్జి వేసే ఆర్డర్లు నోట్‌బుక్‌లో రాయాలి, ఒక్కో దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఇంట్లోవాళ్లు ఏం చేశారు అనేది కూడా రాయాలి. పాప మాటను సరిచేయకూడదు, ఎలా అంటే అలాగే దించాలి. ఆమె టీచర్ కదా, చక్కగా గీతలు కొట్టి రాసుకొచ్చింది. అందులోంచి కొన్ని:

"కాళ్లు రెక్కలు కడుక్కొని రా. అప్పటిదాంక నన్ను ముట్టుకోకు." (డ్యూటీ నుంచి వచ్చిన తండ్రితో)

"ఊకె ఫోన్ చూస్తవ్. కండ్లు పోతయ్. ఇటియ్యి." (తల్లితో)

"మొత్తం తినాలె. ఇడిసిపెడితే బూచోడొస్తడు." (తాతతో, ఆయన పళ్లెంలోకి తొంగి చూస్తూ)

"సప్పుడు చేయకు. డాడీ పన్నడు." (కుక్కతో, కూరగాయల బండాయనతో, ఒకసారి ఉరుముతున్న ఆకాశంతో)

"సబ్‌స్క్రైబ్ చెయ్. చెయ్ అంటున్ననా!" (బాపమ్మతో, చెయ్యకపోతే ఏడుపు)

"ఎక్కువ మాట్లాడకు. పోయి హోంవర్క్ చేసుకో." (తల్లితోనే)

అందరినీ కూర్చోబెట్టి ఒక్కో వాక్యం చదివాను. ప్రతిదానికీ "ఇది మనింట్లో ఎవరి మాట?" అని అడిగాను. మొదట్లో నవ్వుకున్నారు. కాళ్లు రెక్కలు, బూచోడు బాపమ్మవి. హోంవర్క్ తల్లిది, ఇంటికొచ్చే ట్యూషన్ పిల్లలతో అనే మాట. ఫోన్ మాట తండ్రిది. సబ్‌స్క్రైబ్ యూట్యూబ్‌ది. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ పెడుతున్నారు, తినడం అయిపోయాక కూడా అది ఆడుతూనే ఉంటోంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, బుజ్జికి తిండి పూటల్లోనే అంతకంటే ఎక్కువ అవుతోంది. ఫంక్షన్ హాల్ మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి బాపమ్మే "నాదే సారూ. రోజు రాత్రి గుమ్మంల నిలవడి ముసలాయనను అడిగే మాట" అంది.

పెద్దతాతను అవమానించాలని బుజ్జి ఆ మాట అనలేదు. ఎదుటి మనిషి మనసులో ఏముంటుంది, ఈ మాట వింటే ఏమనుకుంటాడు అనే ఊహ పిల్లల్లో నాలుగేళ్ల దగ్గర్లో గానీ గట్టిపడదు. బయట్నుంచి ఒక ముసలాయన వస్తే ఇంట్లో అనేది ఆ మాటే, కాబట్టి ఆమె కూడా అదే అంది. ఆమె దృష్టిలో అది పలకరింపు. ఇది వింటూ తండ్రి తల వంచుకుని కూర్చున్నాడు.

ఇక్కడితో ఆగి "మీరు మాట్లాడే తీరు మార్చుకోండి, పాప మారుతుంది" అంటే సగం కేసే చూసినట్టు. నోట్‌బుక్‌ను ఇంకోసారి తిరగేస్తే ఆర్డర్లు రోజంతా ఒకేలా లేవని కనిపించింది. ఆ వారం తండ్రిది రాత్రి షిఫ్టు. పగలంతా పాప మీద "సప్పుడు చేయకు" వర్షం. సాయంత్రం తండ్రి లేచాక, మళ్లీ డ్యూటీకి బయల్దేరేదాకా ఉన్న ఆ కొద్ది గంటల్లో ఆర్డర్లు వరుసకట్టాయి: "కూసో. ఆడ కాదు, ఈడ. అటు పోకు. చాయ్ తాగకు. లేవకు. బూట్లు వేసుకోకు." ఒక రోజు టిఫిన్ బాక్స్ మాయమైంది, బియ్యం డ్రమ్ములో దొరికింది. బాపమ్మ దాన్ని అల్లరి అంది. నాకు అలా అనిపించలేదు. టిఫిన్ బాక్స్ లేకపోతే డాడీ పోడు అని రెండేళ్ల పది నెలల బుర్ర వేసిన లెక్క అది.

వెళ్లేటప్పుడు పాపకు చెప్తాడా అని అడిగాను. "ఏడుస్తదని చెప్పం. బాపమ్మ కోళ్లను చూపిస్తనని పెరట్లకు తీస్కపోతది, నేను మెల్లగ పోత" అన్నాడు. చాలా ఇళ్లలో ఇంతే, ప్రేమతోనే చేస్తారు. కానీ పాప వైపు నుంచి చూస్తే, తాను కళ్లు పక్కకు తిప్పినప్పుడల్లా నాన్న మాయమవుతున్నాడు. ఇక కళ్లు తిప్పకుండా కాపలా కాయడం తప్ప ఆమె చేతిలో ఏముంది? ఆ ఆర్డర్లే ఆ కాపలా.

అంతకుముందు ఇంట్లో చేసినవి

నవ్వడం, వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం. ఆ మాటనే బయట అంటే తిట్టడం. ఒకే మాటకు ఒకరోజు చప్పట్లు, ఒకరోజు దెబ్బ. ఎప్పుడు ఫలితం దొరుకుతుందో తెలియని అలవాటు అన్నిటికంటే మొండిగా నిలబడుతుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాలతో ఏనాడో చూపించాడు, అది ఈ ఇంట్లో కళ్లముందే కనిపించింది.

సారీ చెప్పించడం. దీనివల్ల బుజ్జికి ఇంకో ఆర్డర్ దొరికింది: "నాకు సారీ చెప్పు. మంచిగ చెప్పు."

యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని, ఆర్డర్ వేస్తే పట్టించుకోకుండా ఉండటం. ఇది కొన్ని రకాల మారాముకు పనిచేసే పద్ధతే, నేనూ చెప్తుంటాను. పట్టించుకోవడం మానిన కొత్తలో ఆ ప్రవర్తన తగ్గకముందు ఒకసారి బాగా పెరుగుతుంది, అది తెలిసి ఓపిక పట్టాలి. బుజ్జి గొంతు పెంచింది, తర్వాత తండ్రి బుగ్గల మీద కొట్టి మొహాన్ని తన వైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. బాపమ్మ ఆగలేక ఎత్తుకుంది. ఇంకాస్త ఓపిక పడితే పనిచేసేదా అని తల్లి అడిగింది. ఇక్కడ పనిచేయదని చెప్పాను. నాన్న చేజారిపోతున్నాడని కంగారుపడే పాపను నాన్నే చూడనట్టు నటిస్తే ఆమె భయం నిజమైనట్టే కదా.

మా దగ్గర మొదలుపెట్టాక పనిచేయనివి

"ప్లీజ్" అనిపిద్దామని తల్లి పట్టుబట్టింది. ప్రయత్నించమన్నాను, హాని లేదు, ఆమెకు ఆ మాట మీద నమ్మకం కూడా ఉంది. వచ్చిన ఫలితం: "ప్లీజ్ లే! ప్లీజ్ లే అన్ననా, వినవా?" ఆర్డర్ ఆర్డర్‌గానే ఉంది, ముందు ఒక తోక చేరింది, అంతే.

మంచిగా అడిగితే నక్షత్రం స్టిక్కర్ అనే చార్ట్ కూడా నడిపి చూశాం. సాయంత్రం లెక్కపెట్టి ఇచ్చే బహుమతి కోసం పొద్దున నోరు అదుపులో పెట్టుకునే వయసు కాదది. స్టిక్కర్లన్నీ తన బొమ్మ నుదుటికి బొట్లుగా పెట్టుకుంది. ఆపేశాం.

పనిచేసింది

ముందు నేను తేల్చుకోవాల్సిన విషయం ఒకటి: ఆర్డర్లను తగ్గించడమా, వాటికి ఒక చోటు ఇవ్వడమా? ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య పిల్లలు పడే పెనుగులాట అంతా "నేనే చేస్తా, నా ఇష్టం" అనే దాని చుట్టూ తిరుగుతుందని మనస్తత్వవేత్త ఎరిక్‌సన్ చెప్పాడు. ఆ ఇష్టాన్ని అడుగడుగునా అణిచేస్తే మిగిలేవి సిగ్గు, తన మీద తనకే అనుమానం. బుజ్జికి రోజులో తన మాట చెల్లే సందర్భం ఒక్కటీ లేదు. తిండి, నిద్ర, సప్పుడు అన్నీ షిఫ్టును బట్టే. అందుకే చోటు ఇవ్వాలనే నిర్ణయించుకున్నాను.

తండ్రి ఏ షిఫ్టులో ఉన్నా రోజుకు ఒక పావుగంట పాప చెప్పినట్టు ఆడాలి. ఫోన్ పక్క గదిలో పెట్టాలి. ఆట ఆమే ఎంచుకోవాలి, ఆయన నేర్పించకూడదు, ప్రశ్నలతో పరీక్ష పెట్టకూడదు. ఆమె ఎంచుకుంది బస్సు ఆట. వరుసగా వేసిన పీటలు బస్సు, బుజ్జి కండక్టర్, తండ్రి ప్యాసింజర్. "జరుగు జరుగు, ముంగటికి జరుగు. టికెట్, టికెట్. చిల్లర లేదా? దిగు!" ఆర్డర్లు వేయడం తప్పు కాని ఉద్యోగాన్ని ఆమే వెతుక్కుంది. తండ్రి చిల్లర కోసం జేబులు తడుముకుంటుంటే ఆ పాప మొహంలో ఉండే గంభీరం నేను కూడా ఒకసారి చూశాను, నిజం కండక్టర్లకు ఏమాత్రం తీసిపోదు. ఆట ముగిసేముందు "ఇంకొక్క స్టేజీ ఉంది" అని ఆయన ముందుగా చెప్పాలి. ఆఖర్న బస్సును డిపోకు పంపేది బుజ్జినే. ముగింపు ఆమె చేతిలో ఉండటం మొదలయ్యాక ఆట ఆపేటప్పుడు ఏడుపు తగ్గింది.

షిఫ్టు సంగతి పాపకు తెలిసేలా తలుపు మీద మూడు బొమ్మలు అంటించాం: సూర్యుడు, పొద్దుగూకే కొండ, చందమామ. ఆ వారం ఏ షిఫ్టో ఆ బొమ్మ కింద తండ్రి ఫొటో. గడియారం ఈ వయసుకు అర్థం కాదు, దేని తర్వాత ఏది వస్తుందో మాత్రం అర్థమవుతుంది. ప్లేడే (గనిలో వారపు సెలవు) వచ్చిందంటే ఫొటో తీసి ఇంటి బొమ్మ మీద అంటించడం బుజ్జి పని. దాంతోపాటు తండ్రి ఇక దొంగచాటుగా వెళ్లకూడదని పెట్టాను. ఎదురుగా నిలబడి "పోయొస్త, నువ్వు లేచినంక వస్త" అని చెప్పి, టిఫిన్ బాక్స్ ఆమె చేతే అందించుకుని వెళ్లాలి. మొదట్లో ఏడుస్తుందని, ఆ ఏడుపును ఆపాల్సిన పని లేదని, నాన్న పోతుంటే ఏడవడంలో తప్పేం లేదని ముందే చెప్పాను. అన్నిటికంటే తండ్రికి కష్టమైంది ఇదే. వాకిట్లో ఏడుస్తున్న పాపను వదిలి బండి స్టార్ట్ చేయడానికి చేతులు రాలేదన్నాడు. అయినా చేశాడు. చెప్పిన వేళకు తిరిగి వస్తున్నాడని పాపకు నమ్మకం కుదిరాక ఏడుపు దానంతటదే పలచబడింది, నిద్రలో మంచం తడమడం కూడా తగ్గింది.

పెద్దల మాటల విషయంలో పెద్ద పట్టిక ఏమీ ఇవ్వలేదు. వద్దు అనడానికి వీల్లేని చోట "చేస్తవా?" అని అడగొద్దన్నాను, "స్నానం చేస్తవా" అంటే "చేయ" అంటుంది, అక్కడ్నుంచి యుద్ధం. "స్నానం వేళైంది, ఎర్ర మగ్గా నీలం మగ్గా?" అంటే సరి. అలాగే ఒకరితో ఒకరు పని చెప్పుకునేటప్పుడు పెద్దలే అడిగే తీరులో మాట్లాడాలి: "నీళ్లు తెస్తవా?" అని. పాప "నీళ్లు తే" అంటే దెప్పకుండా, "నీళ్లు తెస్తవా డాడీ" అని ఆమె తరఫున ఒకసారి అని లేచి తెచ్చివ్వాలి. ఆమెను తిరిగి అనమని బలవంతం వద్దు. అడిగినప్పుడు వెంటనే పలకాలి, కుదరకపోతే కుదరదని నిజం చెప్పాలి. కొన్ని వారాలకు "కూసుంటవా డాడీ?" అనే మాట దానంతటదే వచ్చిందని తల్లి ఫోన్ చేసి చెప్పింది.

ఇంకో గీత కూడా గీశాం. ఇతరుల మీద చేయి వేయడం ఎక్కడా చెల్లదు, చెంప తిప్పబోతే చెయ్యి మెల్లగా పట్టుకుని దించాలి. అదే సమయంలో ఆమె ఒంటి మీద ఆమె మాట చెల్లాలి. "ముద్దు పెట్టకు" అంటే ఎంత దగ్గరి చుట్టమైనా ఆగాల్సిందే. బాపమ్మకు ఇది నచ్చలేదు, చుట్టాలు ఏమనుకుంటారని. ఆడపిల్ల "వద్దు" అంటే ఎదుటివాళ్లు ఆగుతారనేది ఇంట్లోనే తెలియాలి, ఆ "వద్దు" రేపు ఆమెకు అక్కరకొస్తుందని చెప్పాను. అత్తగారింటి సంగతి ఆమె మొదటి రోజు ఎత్తితే నేను దాచుకున్న జవాబు అదే. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "గదీ నిజమే" అంది.

వీడియోలు ఆపడం తేలికగా జరగలేదు, బాబాయిలకు అలవాటైపోయింది. నవ్వొస్తే పక్క గదిలోకి వెళ్లి నవ్వుకోమన్నాను. నవ్వకండి అని నేనెప్పుడూ చెప్పను, ఈ మాటలు నిజంగా ముద్దుగా ఉంటాయి, రాసుకుని దాచుకోండి అని కూడా చెప్తాను. కెమెరా ముందు మళ్లీ మళ్లీ అనిపించినప్పుడే అది పాపకు పని అయిపోతుంది.

ఇంకా తేలనిది తాత విషయం. గుమ్మంలో అడిగే ఆ ప్రశ్న మానగలరా అని బాపమ్మను అడిగితే "ముందు ఆయనను మానమను" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. పాప కోసమని ఆమెను నోరు మూసుకోమనడం నాకు సరిగ్గా తోచలేదు. తాతను వేరేగా కలిశాను, డాక్టర్ దగ్గరికి రమ్మంటే ఇంకా ఊగిసలాడుతున్నాడు. ఆ ప్రశ్న ఇప్పుడు పాప పడుకున్నాక అడుగుతోందట. బుజ్జి నోట మాత్రం అప్పుడప్పుడు వస్తూనే ఉంది.

తోటి ప్రాక్టీషనర్లకు

ఆర్డర్ వినగానే దాన్ని ఎలా ఆపాలి అని ఆలోచించేముందు రెండు చూడండి: ఆ వాక్యం ఎవరిది, ఆ వేళ ఎందుకు వచ్చింది. వాక్యం ఎక్కడిదో తెలిస్తే ఇంట్లోవాళ్ల కోపం దిగిపోతుంది. వేళ తెలిస్తే పాప ఏం కోరుకుంటోందో తెలుస్తుంది. ఈ కేసులో వాక్యాలు బాపమ్మవీ అమ్మవీ, కోరిక మాత్రం పూర్తిగా బుజ్జిది. వాక్యాలనే పట్టుకుని ఉంటే ఆ కోరిక నాకు కనిపించేది కాదు. మన గనుల ప్రాంతంలో షిఫ్టు డ్యూటీ ఇళ్లు ఎన్నో, అలాగే గల్ఫ్ నుంచి సెలవుకొచ్చి పోయే నాన్నలు జగిత్యాల, సిరిసిల్ల వైపు ఎందరో. చిన్నపిల్లల కేసుల్లో ఇంటికి ఎవరు ఎప్పుడు వస్తారు, ఎలా వెళ్తారు, పిల్లలకు చెప్పి వెళ్తారా అనేది మొదటి రోజే అడగండి.

అన్ని పెత్తనాలూ ఇలాంటివే అనుకోవద్దు. విన్న వాక్యాలను సందర్భం లేకుండా అదే పనిగా తిరిగి అంటుంటే, పిలిస్తే పలకకపోతే, వచ్చిన మాటలు పోతుంటే, వస్తువులు వరుస తప్పితే గంటలు గంటలు తల బాదుకుంటుంటే కౌన్సెలింగ్‌తో కాలయాపన చేయకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి, ఎదుగుదల పరీక్షలకు పంపాలి.

జూన్‌లో బుజ్జి ప్లే స్కూల్‌కు వెళ్తుంది. చేరాక ఒకసారి తీసుకురమ్మన్నాను. తన ఈడు పిల్లలు తనకు ఆర్డర్లేస్తే ఆమె ఏం చేస్తుందో చూడాలి, ఇంట్లో అందరూ పెద్దవాళ్లే కాబట్టి అది ఇంతవరకు చూసే వీలు కలగలేదు. బస్సు ఆట నడుస్తూనే ఉందట, ఇప్పుడు ఒక్కో రోజు తండ్రిని కండక్టర్‌ని చేసి తాను ప్యాసింజర్‌గా కూర్చుంటోందని తల్లి చెప్పింది.